అత్తారింటి వంశం వెతుకుతున్న మా బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జీ,

పుట్టబోయే బిడ్డ కోసం నువ్వు మీ ఆయన వాళ్ళ వంశం లాగుతున్నావట, వర్జీనియా రాష్ట్రంలో వాళ్ళ పిట్సిల్వేనియా కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, అక్కడి పాత విల్లులన్నీ చదువుతానంటున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం వేసింది, నిద్ర మాత్రం పట్టలేదు. నీ పెళ్ళప్పుడు మన ఇంట్లో ఎంత రాద్ధాంతం అయిందో నాకు తెలుసు, నల్లవాళ్ళ ఇంట్లో పిల్లనిస్తామా అని మీ నాన్న అన్నం మానేశాడు, అలాంటిది ఇవాళ ఆ ఇంటి ముత్తాతల పేర్లు వెతికేది మన పిల్లే అంటే గర్వంగా ఉండదా మరి. భయం ఎందుకంటే, మీ పెదనాన్న డాన్విల్‌లో డ్యూటీకి పోతే ఇంట్లో కూర్చోలేక నేను ఆ కౌంటీ కోర్టుండే చాథమ్ కోర్టుహౌస్‌లో వాలంటీరుగా విల్ బుక్కులకి, అదే విల్లులు ఎక్కించిన పుస్తకాలకి, ఇండెక్స్ రాసినదాన్ని, ఆ పుస్తకాల్లో ఏముంటుందో చూసినదాన్ని.

ముందు మామూలు సంగతులు. ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు, ఆ తర్వాతే కంప్యూటరు. 1870 సెన్సస్, అంటే జనాభా లెక్కలు, అందాకా పెద్ద కష్టం లేదు, అందులో అందరి పేర్లూ ఉంటాయి. దానికి ముందు 1850, 1860ల్లో బానిసల లిస్టు విడిగా రాశారు, యజమాని పేరు, కింద వయసులూ ఆడా మగా, అంతే, మనుషుల పేర్లు లేవు. బానిసల్ని ఆస్తి కింద లెక్కేసేవాళ్ళు కాబట్టి యజమానుల ఆస్తి కాగితాల్లోనే వాళ్ళ పేర్లు దొరుకుతాయి, అందుకే విల్లులు కావాల్సొస్తాయి. పాత రికార్డులుండే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు ఉచితమే, ఇప్పుడు చేతిరాతని కూడా మెషీనే చదివి వెతికి పెడుతోంది, కాకపోతే పాతకాలపు పొడుగు ఎస్‌ని ఎఫ్ అనుకుంటుంది, కాబట్టి అసలు పేజీ తెరిచి చూడకుండా దేన్నీ నమ్మకు. ఇంకోటి, పిట్సిల్వేనియా 1767లో హాలిఫాక్స్ నుంచి విడిపోయింది, హాలిఫాక్స్ 1752లో లూనెన్‌బర్గ్ నుంచి. మనిషి కదలకపోయినా కాగితం వేరే కోర్టుహౌస్‌లో ఉంటుంది. మీవాళ్ళ కౌంటీల రికార్డులు మిగిలాయి, అదృష్టం. బకింగ్‌హామ్ కోర్టుహౌస్ 1869లో తగలబడిపోయింది, అక్కడివాళ్ళ బాధ చూశాను.

విల్లు ఒక్కటి చదివి పుస్తకం మూసెయ్యకు. దాని వెనక ఇన్వెంటరీ, అంటే పోయినవాడి ఆస్తి జాబితా ఉంటుంది, పంపకం ఉంటుంది, విల్లు అమలు చేసే ఎగ్జిక్యూటర్ ఏళ్ళ తరబడి రాసిన లెక్కలుంటాయి, ఏ బానిసని ఎవరికి అద్దెకిచ్చారో కూడా ఆ లెక్కల్లోనే ఉంటుంది.

ఇక అసలు సంగతి. నాతోపాటు రికార్డు రూముకి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చేది, నల్లావిడ, మహా పట్టుదల మనిషి. ఆవిడ ఇంటిపేరే ఉన్న పెద్ద పొగాకు ఆసామి ఒకడు ఆ కౌంటీలో ఉండేవాడు. వాడి విల్లు దొరికింది, ఇన్వెంటరీలో ఆవిడ ముత్తవ్వ పేరు కూడా కనిపించింది, ఇంకేముంది, అయిపోయింది అనుకుంది. అదే ఇంటిపేరు, అదే పేరు, అదే కౌంటీ. చెట్టు గీసి, ఫ్యామిలీ రీయూనియన్‌కి టీషర్టుల మీద అచ్చేయించి పంచింది కూడా. ఆ ఇన్వెంటరీలో పేరు పక్కన ధర చూసుంటే సరిపోయేది, అంత ధర పడుచుపిల్లకే పెడతారు, ఈవిడ ముత్తవ్వకి అప్పటికే మనవలు. చూడలేదు, చూడాలనిపించలేదు కూడా, దొరికిందన్న సంతోషంలో ఎవరికనిపిస్తుంది.

తర్వాత ఛాన్సరీ కోర్టు, అదే ఇలాంటి ఆస్తి తగవులు వినే కోర్టు, అక్కడి కేసు ఒకటి బయటపడింది. పక్క తోట ఆసామి చనిపోతే వాడి భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంది, కొత్త మొగుడికీ మొదటి మొగుడి పిల్లలకీ బానిసల మీద తగవు. ఆ దావా కాగితాల్లో టీచరమ్మ ముత్తవ్వ, ఆవిడ తల్లి, పిల్లలు అందరూ వరసగా పేర్లతో ఉన్నారు. వాళ్ళు ఆ ఇంటికి ఎలా వచ్చారయ్యా అంటే, ఆ భార్యకి పెళ్ళప్పుడు హాలిఫాక్స్‌లో ఉన్న తండ్రి ఇచ్చి పంపాడు. ఆ తండ్రి ఇంటిపేరునే వీళ్ళు విడుదలయ్యాక కూడా ఉంచుకున్నారు. పొగాకు ఆసామికీ వీళ్ళకీ ఏ సంబంధమూ లేదు. ఇన్నేళ్ళూ మగవాడి విల్లు పట్టుకుని వేలాడింది, వెతకాల్సింది భార్య పుట్టింటి విల్లు. టీచరమ్మ అంతా విని, "అయితే టీషర్టులు మళ్ళీ వేయించాలి" అంది, అంతే.

నాకు ఇది వింతగా అనిపించలేదు, ఎందుకంటే మన తాతగారి పంపకాల కాగితంలో మా పెద్దత్త పేరు ఉండదు. ఆవిడకి పెళ్ళిలోనే పసుపు కుంకుమ కింద రెండెకరాలు రాసిచ్చేశారు. ఆ కాగితం ఒక్కటే చూసినవాడు తాతగారికి కూతురే లేదనుకుంటాడు. నేలని ఇవ్వడం, మనుషుల్ని ఇవ్వడం ఒకటి కాదు, ఆ పోలిక నాకే గొంతులో ముల్లులా ఉంటుంది, కానీ కాగితం నడిచే దారి మాత్రం అదే. వర్జీనియా విల్లుల్లో కొడుక్కో కూతురికో "ఒక షిల్లింగు" అని రాస్తే కోపంతో వెళ్ళగొట్టాడని కథలల్లుతారు, చాలాసార్లు వాళ్ళ వాటా ముందే ముట్టి ఉంటుంది, ఆస్తి రాతకోతలుండే డీడ్ బుక్కులో చూడు. పెద్దకొడుకు పేరు లేకపోయినా కంగారుపడకు, 1785 చట్టం దాకా విల్లులో రాయని భూమి ఎటూ పెద్దవాడికే పోయేది.

తల్లివైపు వెతకమనడానికి ఇంకో కారణం, 1662లోనే వర్జీనియాలో చట్టం చేశారు, బిడ్డ తల్లి స్థితినే అనుసరిస్తుందని. అంటే తల్లి ఎవరి సొత్తో బిడ్డా వాళ్ళదే. జార్జ్ వాషింగ్టన్ 1799 విల్లులో తన సొంత బానిసలు 123 మందికి, భార్య మార్తా పోయాక, విడుదల రాశాడు, కానీ మార్తా మొదటి భర్త కస్టిస్ ఎస్టేట్ నుంచి వచ్చిన 153 మందిని విడుదల చేసే హక్కు ఆయనకి లేదు. ఆ రెండు గుంపులూ ఆయన తోట మౌంట్ వెర్నన్‌లో పెళ్ళిళ్ళు చేసుకుని కలిసి బతికినవాళ్ళే, మొగుడికి విడుదల, పెళ్ళాం పిల్లలు కస్టిస్ వారసులకి. అందుకని ఎక్కడైనా విడుదల అని కనిపిస్తే వెంటనే స్వీట్లు పంచకు, 1806 తర్వాత విడుదలైనవాళ్ళు ఏడాదిలోగా రాష్ట్రం వదిలి పోవాలని రూలు పెట్టారు, వాళ్ళు ఎటు పోయారో అదో వెతుకులాట.

ఇప్పుడు కోప్పడతాను, విను. రాత్రి రెండింటి దాకా లాప్‌టాప్ ముందు కూర్చుంటున్నావట. కడుపుతో ఉన్న పిల్లవి. ఆ ఇన్వెంటరీల్లో గుర్రాలు, దూడలు, ఇనప పెనాలు, పరుపులు, వాటి మధ్యలో మనుషులు, పక్కనే ధర. ముసలివాళ్ళయితే సున్నా. ఒక ఆడమనిషిని కూతురికిస్తూ, ఆమెకి ఇకముందు పుట్టబోయే పిల్లల్ని కూడా కలిపి రాసిచ్చేస్తారు, ఇంకా పుట్టనివాళ్ళని. నేను వయసులో పెద్దదాన్ని, పరాయిదాన్ని, నాకే ఆ పేజీ చదివిన రోజు ఇంటికొచ్చి వంట చెయ్యబుద్ధి కాలేదు. నువ్వు ఒంటరిగా చదవకు. పగలు చదువు, అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకో, అది ఆయన వాళ్ళ కాగితం, ముందు చూసే హక్కు ఆయనది.

ఇంకా ముఖ్యం, ఏదైనా దొరికితే ఉత్సాహంగా ఫొటో తీసి వాళ్ళ ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తావు, నీ సంగతి నాకు తెలుసు, ఇంటర్ మార్కులు కూడా అలాగే పెట్టావు. వద్దు. మీ అత్తగారికి ముందు నోటితో చెప్పు, చూస్తారా అని అడుగు, చూడనంటే ఊరుకో. ఆవిడకి కొన్ని ముందే తెలిసి ఉండొచ్చు, చెప్పుకోకపోవచ్చు. కోడలివి, అందులో వేరే దేశం కోడలివి, ఆవిడ బాధని నువ్వు తవ్వి తీసి గెలిచినట్టు చూపిస్తే బాగుండదు.

లైబ్రరీ ఆఫ్ వర్జీనియా వాళ్ళు ఛాన్సరీ కేసులు స్కాన్ చేసి ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టారు, వర్జీనియా అన్‌టోల్డ్ అని బానిసల పేర్లున్న కాగితాలకి విడిగా కూడా ఉంది. చాథమ్‌కి మాత్రం ఇప్పుడు బయలుదేరకు, కాన్పయ్యాక నేనొచ్చి తీసుకెళతా, ఆ పుస్తకాలు ఒక్కోటి ఎత్తితే నడుం పడిపోతుంది. ఈలోపు మీ అత్తగారి అమ్మమ్మ పేరు, పుట్టిన ఊరు, ఏ చర్చి దగ్గర పాతిపెట్టారో కనుక్కుని నాకు వాట్సాప్ చెయ్యి, 1870 సెన్సస్ నేను చూసి పెడతా. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా?

పెద్దమ్మ