టెక్ సందేహాలు: నమూనా నంబరు తేదీగా మారిపోతే...

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లోని ఫోరెన్సిక్ ల్యాబుల నుంచి కొంతకాలంగా ఒకే రకం ఉత్తరాలు వస్తున్నాయి. విషపరీక్ష విభాగాల్లో డేటా చూసేవాళ్లు రాస్తున్నవి. విడివిడిగా జవాబులిచ్చేకన్నా ఈసారి అన్నీ ఒకచోటే.

బరంపురం నుంచి: గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (నమూనాలోని రసాయనాలను విడదీసి కొలిచే యంత్రం) ఇచ్చే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిస్తే 5-12 అన్న నమూనా నంబరు డిసెంబరు 5 అవుతోంది. 00417 కాస్తా 417 అవుతోంది. సెల్ ఫార్మాట్ మార్చినా పాత నంబరు రావడం లేదు.

రాదు. ఫైలు తెరిచిన క్షణంలోనే అది మారిపోయింది. ఇప్పుడు ‘టెక్స్ట్’ అని పెడితే ఆ తేదీ వెనక దాగిన ఐదంకెల సంఖ్య బయటపడుతుంది, అంతే. ఆపైన సేవ్ నొక్కారంటే ఆ ఫైలులో అసలు నంబరు పోయినట్టే. 2E5 లాంటి నంబరు, అందులోని Eని పదుల ఘాతంగా చదవడం వల్ల, రెండు లక్షలు అవుతుంది. 16 అంకెల బార్‌కోడ్‌లో చివరి అంకె సున్నా అయిపోతుంది, ఎందుకంటే స్ప్రెడ్‌షీట్ 15 అంకెల వరకే నిలుపుకుంటుంది.

సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవకండి. ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూ నుంచి ఫైలును దిగుమతి చేయండి. కాలమ్ రకాలను ప్రోగ్రామ్ తనంతట తాను నిర్ణయించిన అడుగును తొలగించి, నంబరు కాలమ్‌ను టెక్స్ట్‌గా మీరే పెట్టండి. కొత్త రిజిస్టరు మొదలుపెట్టేటప్పుడు నమూనా నంబరు ముందు నెల పేరులా కనిపించని రెండు మూడు అక్షరాలు చేర్చండి, సగం బెడద తప్పుతుంది. మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లు ఇలాగే తేదీలవుతున్నాయని, మనుషుల జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ 2020 నాటికి ఆ పేర్లనే మార్చుకుంది. ప్రోగ్రామ్ చేసే తప్పుకు శాస్త్రం తన పేర్లు మార్చుకోవలసి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇదే ఉత్తరంలో ఇంకో ప్రశ్న: ‘10 కంటే తక్కువ’ అని వచ్చిన ఫలితాన్ని సున్నాగా వేయవచ్చా? వేయకూడదు. అలాగని గుర్తుతో సహా ఒకే సెల్‌లో వదిలేసినా ప్రమాదమే. సగటు తీసే ఫార్ములా దాన్ని అక్షరాలుగా భావించి దాటవేస్తుంది, సగటు పెరిగిపోతుంది. విలువ, గుర్తు, కొలత పరిమితి, యూనిట్ నాలుగూ వేర్వేరు కాలమ్‌లలో ఉండాలి. ‘కనబడలేదు’ వేరు, ‘కనబడింది కానీ కొలిచేంత లేదు’ వేరు. యూనిట్ కాలమ్ ఎందుకంటే, తాగి వాహనం నడపడంపై మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ చెప్పే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు. అదే మోతాదు ఒక యంత్రంలో లీటరుకు 0.3 గ్రాములుగా, ఇంకోదాంట్లో 0.03 శాతంగా వస్తుంది.

సిరొంచ, పర్లాకిమిడి నుంచి: విసెరా (మృతదేహం లోపలి అవయవాల నమూనాలు) సీసాలతో వచ్చే పోలీసు లేఖల్లో కేసు నంబర్లు మరాఠీ, ఒడియా అంకెల్లో ఉంటున్నాయి. డేటాబేస్‌లో వెతికితే దొరకడం లేదు.

మరాఠీ ఒకటిని చేతిరాతలో 9 అనుకుని ఎక్కించడం చాలాచోట్ల జరుగుతుంది. ఒడియా నాలుగు, తల తెరిచిన 8లా ఉంటుంది. చేత్తో రాసిన లేఖైతే ఇద్దరు విడివిడిగా ఎక్కించి పోల్చడం తప్ప దారి లేదు. యూనికోడ్‌లో టైపు చేసిన లేఖైతే పని సులువు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ‘ఇంట్’ ఫంక్షన్‌కు ఒడియా, దేవనాగరి అంకెలిచ్చినా సరైన సంఖ్యే వస్తుంది. కానీ అక్కడే ఓ గొయ్యి ఉంది: అంకెలున్నాయా లేవా అని చూసే సాధారణ తనిఖీ పైథాన్‌లో ఒడియా అంకెలనూ ఒప్పుకుంటుంది, జావాస్క్రిప్ట్‌లో ఒప్పుకోదు. దాంతో వెబ్ ఫారం తిరస్కరించిన నంబరు వెనుక స్క్రిప్ట్ ద్వారా యథాతథంగా డేటాబేస్‌లోకి చేరుతుంది. చేరే గుమ్మం దగ్గరే అన్నిటినీ 0 నుంచి 9 వరకు మామూలు అంకెల్లోకి మార్చండి. లేఖలో ఉన్న రూపాన్ని పక్క కాలమ్‌లో అలాగే ఉంచండి.

పాత ఫాంట్లలో టైపు చేసిన లేఖలను కాపీ చేస్తే చెత్త అక్షరాలే వస్తాయి. వాటిని ఫాంటుకు తగిన కన్వర్టర్‌లో వేయాలి. మనిషి పేరుతో మాత్రం జత కలపకండి. ఒకే పేరును ఠాణా ఒకలా, ఆసుపత్రి ఇంకోలా రాస్తాయి. ఠాణా, కేసు నంబరు, సంవత్సరం, ఈ మూడూ కలిస్తేనే రికార్డును గుర్తించే తాళంచెవి.

రాయగడ నుంచి: కరెంటు పోయి వచ్చినప్పుడల్లా యంత్రం కంప్యూటరులో తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది.

మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. 3 వోల్టులది, మార్చండి. ఇప్పటికే తప్పు తేదీతో నమోదైన ఫైళ్లను దిద్దవద్దు. ఎంత తేడా వచ్చిందో లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టండి. తేదీ వెనక్కి పోతే గడువు తీరిన క్యాలిబ్రేషన్‌ను (యంత్రం కొలతలను ప్రామాణికంతో సరిచూసిన రికార్డు) కూడా సాఫ్ట్‌వేర్ చెల్లుబాటుగా చూసే అవకాశం ఉంది, ఆ రోజుల రన్‌లన్నీ (యంత్రం నడిపిన పరీక్షలన్నీ) వెతికి చూడండి.

జయపురం, చంద్రపూర్, మళ్లీ బరంపురం నుంచి: యంత్రం కంప్యూటరుకు అందరికీ ఒకే లాగిన్. యాంటీవైరస్ ఉంటే రన్ మధ్యలో ఆగుతోందని తీసేశారు. పెన్‌డ్రైవ్‌తో డేటా తీస్తున్నాం. పర్వాలేదా?

పర్వా ఉంది. ఈ ఉత్తరాలన్నిటిలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఆ ఒకే లాగిన్. క్రొమటోగ్రామ్‌లో (యంత్రం గీసే గ్రాఫ్‌లో) పీక్ (రసాయనాన్ని చూపే శిఖరం) అడుగు గీతను మౌస్‌తో కాస్త జరిపితే, ఆల్కహాలు 28 మిల్లీగ్రాములు కాస్తా 31 అయి, 30 హద్దు దాటవచ్చు. జరపడానికి సరైన కారణమే ఉండవచ్చు. ఎవరు జరిపారో, ఎప్పుడు, ఎందుకో ఆడిట్ ట్రయల్‌లో (మార్పుల చిట్టాలో) ఉండాలి. అందరూ ‘ల్యాబ్’ అన్న పేరుతోనే లోపలికి వెళ్తుంటే ఆ ట్రయల్ ఉన్నా ఎవరినీ చూపదు. నమూనా మళ్లీ పరీక్షించేంత మిగలకపోతే, ఒక మనిషి జైలుకు వెళ్లాలా వద్దా అన్నది ఆ జవాబు లేని ఫైలు మీద ఆధారపడుతుంది. సాంకేతిక రికార్డులో చేసిన ప్రతి మార్పూ పాత రూపంతో, తేదీతో, చేసినవాళ్ల వివరంతో మిగలాలని పరీక్షా ల్యాబులకు వర్తించే ఐఎస్ఓ 17025 (2017) ప్రమాణం చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ (ఫైలు నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. ఒకే లాగిన్‌తో తయారైన ఫైలుకు హ్యాష్ తీసినా, అది హ్యాష్ తీశాక ఫైలు మారలేదని చెబుతుందే తప్ప, అంతకుముందు ఎవరు ముట్టారో చెప్పదు.

కాబట్టి ముందు ఎవరి లాగిన్ వాళ్లకు. ఎనలిస్టుకు పీక్ మార్చే హక్కు, సమీక్షించేవాళ్లకు ఆమోదించే హక్కు, ఫైలు తుడిచే హక్కు ఇద్దరికీ వద్దు. ఆడిట్ ట్రయల్ ఆన్‌లో ఉందో లేదో ఈరోజే చూడండి. దాన్ని ఆఫ్‌లో పెట్టి యంత్రం అమ్మేవాళ్లున్నారు, ఆ డిజైన్‌ను నేను క్షమించలేను.

యాంటీవైరస్‌ను తీసేయడం కాదు, డేటా ఫోల్డరునూ, రన్ నడిపే ప్రోగ్రామ్‌నూ తక్షణ స్కాన్ నుంచి మినహాయించి, రన్ లేని సమయంలో పూర్తి స్కాన్ పెట్టాలి. మద్దతు ఆగిపోయిన ఆపరేటింగ్ సిస్టం మీద నడిచే యంత్రమైతే దాన్ని ఆఫీసు నెట్‌వర్క్ నుంచి విడదీయండి. 2017 మేలో ఫైళ్లను బంధించి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ పాత ఫైల్ షేరింగ్ పద్ధతిలోని లోపం గుండానే ఆసుపత్రులలోకి కూడా దూరింది. పెన్‌డ్రైవ్ ఈ పనికే కేటాయించినది కావాలి, ముందు వేరే కంప్యూటరులో స్కాన్ చేయాలి. రన్ ఫోల్డరును మొత్తం జిప్ చేసి, యంత్రం కంప్యూటరు మీదే ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ తీసి, కాపీ చేరాక మళ్లీ తీసి పోల్చండి. 64 అక్షరాలూ కలవాలి. సర్వీసు ఇంజినీరు కోసం పెట్టిన రిమోట్ యాప్‌ను పని అవగానే తీసేయండి. ఎవరూ లేకుండానే లోపలికి రానిచ్చే పాస్‌వర్డు చాలాచోట్ల నెలల తరబడి అలాగే ఉంటోంది. క్రొమటోగ్రామ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు కూడా ఈరోజుతో ఆపండి.

ఇక ముడి డేటాను తమ సాఫ్ట్‌వేర్ మాత్రమే తెరవగలిగే ఫార్మాట్‌లో బంధించే పద్ధతి. యంత్రం పాతబడి పక్కకు పోతుంది, కేసు మాత్రం కోర్టులో ఇంకా నడుస్తుంటుంది. అసలు ఫైళ్లతో పాటు ఎంజడ్ఎంఎల్ లేదా నెట్‌సీడీఎఫ్ అనే, ఒక కంపెనీకి కట్టుబడని ఫార్మాట్‌లో ఒక కాపీ తీసిపెట్టండి. కొత్త యంత్రం టెండరులో ఈ ఎగుమతి సౌకర్యాన్ని షరతుగా రాయించండి. ఐదేళ్ల కిందటి కేసు ఫోల్డరు కాపీ ఒకటి తీసుకుని తెరవండి, నివేదికలో ఉన్న సంఖ్యే మళ్లీ వస్తుందో చూడండి. తెరుచుకోకపోతే, పాత కంప్యూటరును వేలానికి పంపకముందే దాని హార్డ్‌డిస్క్ ఇమేజ్ (మొత్తం డిస్కుకు యథాతథ కాపీ) తీసి, లైసెన్సు డాంగిల్‌ను (సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి గుచ్చే చిన్న పరికరం) ఆ ఇమేజ్‌తో పాటే బీరువాలో పెట్టి తాళం వేయండి.