ఊరి సంఘం రైతుకు ఏం చేయగలదు?

ప్రభుత్వ పథకాలు, బ్యాంకులు ఇన్ని ఉండగా పల్లెల ఆర్థికాభివృద్ధికి సహకార సంఘాలు, పొదుపు సంఘాలు ఇంకా ఎందుకని మీరు అడిగారు. పాత కరీంనగర్ జిల్లాలో వ్యవసాయ కుటుంబంలో పుట్టి, కొన్నేళ్లపాటు మహిళా గ్రామైక్య సంఘానికి, అంటే ఊళ్లోని మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘానికి, లెక్కలు రాసిన అనుభవంతో సమాధానం చెబుతున్నాను.

మా చిన్నతనంలో విత్తనాలకూ ఎరువులకూ సేటు దగ్గరే అప్పు తెచ్చేవారు, వడ్లు కూడా ఆయనకే పోసేవారు. కల్లం దగ్గర కాంటా పెట్టేటప్పుడు తాలు ఉందనీ తేమ ఉందనీ బస్తాకు ఇంతని తరుగు తీస్తుంటే మా నాన్న పక్కన నిలబడి చూసేవారే తప్ప మాట్లాడేవారు కాదు, ఎందుకంటే వచ్చే వానకాలం పెట్టుబడికి మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాలి. బ్యాంకు రుణం వచ్చినా ఈ చిక్కు పూర్తిగా తీరదు. అప్పూ అమ్మకమూ రెండూ రైతుల అదుపులోకి వచ్చినప్పుడే తీరుతుందని నా నమ్మకం.

మా పాత కరీంనగర్ జిల్లాలోనే ఉన్న ముల్కనూరు అనే ఊరు అందుకు ఉదాహరణ. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి చొరవతో అక్కడ ఏర్పడిన సహకార సంఘం పంట రుణం ఇస్తుంది, ఎరువులు అమ్ముతుంది, సభ్యుల ధాన్యాన్నీ పత్తినీ కొంటుంది, విత్తనాలు శుద్ధి చేస్తుంది. పంట సంఘానికే వస్తుంది కనుక బాకీ అందులోంచే జమ అవుతుంది, వసూలు కోసం ఎవరి ఇంటి మీదికీ పోవలసిన పని ఉండదు. సభ్యుల పొదుపు కూడా అందులోనే ఉన్నందువల్ల ఒకరు ఎగవేస్తే నష్టం ఎవరిదో అందరికీ తెలుసు. ప్రభుత్వ వాటా ధనం లేకుండా సంఘాలు స్వతంత్రంగా నడిచేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వీలు కల్పించాక, అదే ఊళ్లో మహిళలు సొంతంగా పాల డెయిరీ నిలబెట్టుకున్నారు.

మా సంఘం అంత పెద్దది కాదు. అయినా ప్రభుత్వ వడ్ల కొనుగోలు కేంద్రం మా మహిళల చేతికి వచ్చినప్పుడు జరిగిన మార్పును దగ్గర నుంచి చూశాను. తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. యంత్రంలో గింజలు పోసి, కనిపించిన అంకెను రైతుకు చూపించి, ఆ తర్వాతే పుస్తకంలో రాసేవాళ్లం. ఎక్కువ వస్తే ఇంకో రెండు రోజులు ఎండబెట్టుకొమ్మని చెప్పేవాళ్లం. మిల్లు దగ్గర తరుగు గొడవలు పూర్తిగా పోలేదు గానీ, రైతు తరఫున నిలబడి అడిగే మనుషులు ఊళ్లోనే ఉండేవారు. కేంద్రం నడిపినందుకు వచ్చిన కమీషన్ సంఘం ఖాతాలోనే పడేది.

అయితే సంఘం ఉన్నంత మాత్రాన మేలు జరగదు. పాలకవర్గం ఎన్నిక పార్టీల పోటీగా మారి, మహాసభలో జమాఖర్చులు చదవడం ఆగిపోయిన సొసైటీలనూ చూశాను. అక్కడ రైతులు మళ్లీ సేటు దగ్గరికే వెళ్లారు. అంతకన్నా నన్ను బాధించేది కౌలు రైతుల సంగతి. సేద్యం వాళ్లది, పట్టాదారు పాసుపుస్తకం మరొకరిది కావడంతో చాలాచోట్ల వాళ్లకు పంట రుణం దొరకడమే కష్టం. మీ ఊళ్లో కొత్తగా సంఘం పెట్టే ఆలోచన ఉంటే, కౌలుదారులకు సభ్యత్వం ఇచ్చే నియమాన్ని మొదటి రోజే రాసుకోండి. సంఘం పెద్దదయ్యాక ఆ మాట ఎత్తితే ఒప్పుకునేవారు తక్కువ.