బాత్రూముకు తలుపు లేదు, సింహద్వారానికి మెరుగులా?

ఈ ఉత్తరం తిరుపతి నుంచి వచ్చింది. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు, సంగతి మాత్రం క్లుప్తంగా చెప్తాను. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక సందులో తాత కట్టించిన మిద్దె ఇల్లు ఆయనది. 2022లో నాన్న పోయారు. సంవత్సరీకం అయ్యాక బైరాగిపట్టెడలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, భార్యనూ పిల్లలనూ తీసుకుని, అమ్మ ఒక్కతే ఉంటున్న ఆ పాత ఇంట్లోకి మారి, అందులో ఉంటూనే బాగు చేయించడం మొదలుపెట్టారు. తొమ్మిది లక్షలు అనుకున్నది పదిహేడయింది, ఆరు నెలలు అనుకున్నది రెండేళ్లయింది. పాపకు ఏడేళ్లు, బాబుకు రెండున్నర. ఏప్రిల్ చివర్లో సెలవులకని చిత్తూరులో పుట్టింటికి వెళ్లిన భార్య ఇంకా రాలేదు. గంగమ్మ జాతరకైనా వస్తుందనుకున్నారు, అదీ లేదు. ఇప్పుడు ఆవిడ పాప టీసీ అడుగుతోందట, అక్కడి స్కూల్లో వేస్తుందట. "నాకు తాగుడు లేదు, దుబారా లేదు, సాయంత్రాలూ ఆదివారాలూ అన్నీ ఈ ఇంటికే పెట్టాను. ఇదంతా ఎవరి కోసం? ఆమెకు ఈ ఇంటి విలువ ఎలా తెలియజెప్పాలి?" అన్నది ఆయన ప్రశ్న.

ముందు ఒక మాట. మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో పైకప్పుకు పేజీన్నర, తలుపుకు అరపేజీ, టైల్స్‌కు అరపేజీ. నాలుగు పేజీలూ రెండుసార్లు చదివినా మీ పాప పేరేమిటో నాకు తెలియలేదు. దెప్పడానికి అనడం లేదు. మీరు రాసినదాన్ని మీరే ఇంకోసారి చదువుకుంటే, చిత్తూరులో కూర్చున్న ఆవిడకు ఏం కనిపిస్తోందో మీకూ కనిపిస్తుంది.

పని తెలియకుండా చేస్తున్నారని నేననను. బాగా చేస్తున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. ఆ చుట్టుపక్కల పాత మిద్దె కనిపిస్తే చాలు, కూలగొట్టి నాలుగంతస్తులు లేపి యాత్రికులకు రూములు ఇచ్చుకుందాం అనేవాళ్లే ఎక్కువ. మీరు అలా అనుకోలేదు. టేకు దంతెల (అడ్డదూలాల) మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించే ఆ మద్రాసు మిద్దెను విప్పించి, చెద పట్టిన దంతెలు మాత్రం మార్చి, మళ్లీ అదే పద్ధతిలో కట్టే మేస్త్రీ కోసం ఊళ్లు తిరిగారు. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక ఉప్పు పొంగి పెచ్చులూడిపోతుందని మీకు తెలుసు, అందుకే "సిమెంటు కొట్టేస్తే వారంలో అయిపోతుంది సార్" అన్నవాడిని పంపించేశారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో సున్నం కలిపించారు. చదువుతుంటే నాకే ముచ్చటేసింది. కాకపోతే సున్నం నిదానంగా ఆరుతుంది, నిదానంగా గట్టిపడుతుంది, దాన్ని తొందరపెడితే మనకే నష్టం. ఆ నిదానాన్ని మీరు తట్టుకోగలరు, ఎందుకంటే పొద్దున తొమ్మిదికి ఆఫీసుకు పోయి సాయంత్రం ఇష్టమైన పని చేసుకోవడానికి ఇంటికి వస్తారు. మధ్యలో ఉన్న తొమ్మిది గంటలూ ఆవిడవి.

బాత్రూముకు రెండేళ్లుగా తలుపు లేదనీ, గోనెపట్టా వేలాడదీశామనీ మీరే రాశారు, అదీ సగం వాక్యంలో. మిగతా సగం చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. ఆ తలుపు చెక్క సింహద్వారం చెక్కతో మ్యాచ్ అవ్వాలని ఆగారట! పనివాళ్లు ఎనిమిదికి వస్తారు, సాయంత్రం దాకా ఇంట్లోనే ఉంటారు. ఈ లోపల స్నానానికి వెళ్లాలంటే ఒక ఆడమనిషి ఏం చేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఏడేళ్ల పిల్ల, గోనెపట్టా బయట నానమ్మ కాపలా కూర్చుంటే తప్ప లోపలికి పోదని కూడా రాశారు, "మొండి" అని పేరు పెట్టి. మొండితనం కాదండీ అది, పిల్లకు సిగ్గు తెలిసే వయసు వచ్చింది. ఆరు నెలల పసివాడిని చంకనేసుకుని ఆ ఇంట్లోకి వచ్చిన మనిషి, పెరట్లో రేకు కింద స్టవ్ పెట్టుకుని, పాలగిన్నె మీద సున్నపు దుమ్ము పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రెండేళ్లు లాగింది. ఇంటి విలువ తెలియకపోతే రెండు నెలలకే వెళ్లిపోయేది.

నాకెలా తెలుసంటే, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా చిత్తూరులో మా ఇంటికీ ఇదే జరిగింది. ఎవరొచ్చినా మా నాయన టార్చిలైట్ వేసి దూలాలు చూపించేవాడు, ఇది ఫలానా అడవి టేకు, ఇది మా తాత బండి మీద తెప్పించింది అని. అమ్మ పెరట్లో రేకుల కొట్టంలో వండేది. ఎనిమిది నెలలు. గృహప్రవేశం రోజు వచ్చినవాళ్లందరూ ఇల్లు చూసి ఆహా ఓహో అంటుంటే, అమ్మ బియ్యం మూటల వెనక చాప వేసుకుని నిద్రపోయింది, లేపినా లేవలేదు. చాలా ఏళ్ల తర్వాత ఏదో మాటల్లో అంది, "ఆ ఇల్లు మీ నాయనది, నాకు గుర్తున్నది ఆ కొట్టమే" అని. మా నాయన అప్పటికి లేడు, ఉంటే ఆ మాటకు ఏమనేవాడో.

ఇప్పుడు మీరు రాసిన ఇంకో వాక్యం దగ్గరికి వస్తాను. పైకప్పు గురించి చెప్తూ చెప్తూ మధ్యలో ఒకచోట ఇలా ఉంది: "2021 నవంబరు వానల్లో నాన్న మంచం మీదే కారుతుంటే అమ్మ రాత్రంతా బకెట్ మారుస్తూ కూర్చుంది, రోడ్లన్నీ నీళ్లు, నేను పోలేకపోయాను." ఆ వెంటనే మళ్లీ ఇటుకల లెక్కలోకి వెళ్లిపోయారు. ఆ రాత్రి తిరుపతిలో వీధులు ఏరులై పారాయి, ఎవరూ ఎక్కడికీ పోలేని పరిస్థితి, అది మీ తప్పు కాదు. కానీ తర్వాత ఏడాది ఆయన పోయారు. అప్పటినుంచి మీరు ఆ మంచం మీద కారిన నీళ్లను ఆపుతూనే ఉన్నారు. ఒక్క దంతె కూడా వంకర ఉండకూడదు, ఒక్క కీలు కూడా కొత్తది కాకూడదు, తమిళనాడులోని కారైక్కుడికి రెండుసార్లు పోయి పాత కీళ్లు తెచ్చారు. ఈ పట్టుదల ఇల్లు కోసమైతే ఎక్కడో ఒకచోట "చాలు" అనిపించేది. నాన్నకు చేయలేకపోయిందానికి "చాలు" ఎక్కడుంటుంది? నేను తేల్చి చెప్పగలిగింది కాదుగానీ, ఈ సంగతి మీ ఆవిడకు ఎప్పుడైనా చెప్పారా? ఆవిడకు తెలిసిందల్లా భర్త ఆదివారం పూట తలుపు ముందు కూర్చుని గంటల తరబడి శాండ్ పేపర్ రుద్దుతున్నాడు, పిలిస్తే పలకడం లేదు అని.

ఆ తలుపు గురించి మాత్రం కాస్త కోపంగానే చెప్పాలి. అడుగున పచ్చ, దానిమీద నీలం, ఆపైన చాక్లెట్ రంగు, ఆరేడు పొరలు గీకానని రాశారు. బాబు ఆ పెచ్చులు ఏరుకుని నోట్లో పెట్టుకుంటే మా ఆవిడ ఇల్లెగిరిపోయేలా అరిచేది అని నవ్వుతూ రాశారు. నవ్వే విషయం కాదది. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పాత పొరల్లో, సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము గాల్లోకి లేచి నేల మీద, బొమ్మల మీద, చేతుల మీద చేరుతుంది. ఆరేళ్లలోపు పిల్లలకు ఇది మెదడుకే దెబ్బ, పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. చిత్తూరులోనో తిరుపతిలోనో పిల్లల డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పి, బాబుకు రక్తంలో సీసం పరీక్ష చేయించండి, పాపకూ చేయించండి. బాగుంటే సంతోషం. మిగిలిన గీకుడు పిల్లలు ఇంట్లో లేనప్పుడే, తడిపి చేయించండి, కింద పట్టా పరిచి చెత్త మూటకట్టి పారేయండి, చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిపించండి, మంట పెట్టి రంగు కాల్చే పని అసలు వద్దు. ఆవిడ అరిచిందంటే చదువుకుని అరవలేదు, తల్లి కాబట్టి అరిచింది, కానీ ఆవిడే కరెక్టు.

ఇక డబ్బు. గాజులూ కాసులపేరూ కుదవ పెట్టి నాలుగు లక్షలు తెచ్చారు. వేలూరులో ఉన్న మీ చెల్లెలు ఇంటి కాగితాల మీద ఇంకా సంతకం పెట్టలేదు, "అది అడిగే రకం కాదు" అంటున్నారు. మీ నాన్న వీలునామా రాయలేదు కాబట్టి ఆయన హక్కులో మీ అమ్మకూ మీకూ చెల్లెలికీ సమాన భాగం ఉంటుంది, పెళ్లయి పోయినంత మాత్రాన అది పోదు. ఉమ్మడి ఆస్తి అన్నా సరే, 2005 చట్ట సవరణ తర్వాత కూతురూ కొడుకూ ఒకటే. అంటే మీ ఆవిడ నగలు ఏ కాగితం మీదా ఆవిడ పేరు లేని ఇంట్లో, మీ పేరు కూడా పూర్తిగా లేని ఇంట్లో సున్నమై పోయాయి. ఆవిడ ఈ లెక్క వేసుకోలేదనుకుంటున్నారా? చెల్లెలితో మొహమాటం లేకుండా కూర్చుని మాట్లాడండి, ఆమె భాగానికి ఏం ఇస్తారో తేల్చుకోండి, పత్రాలన్నీ ఒక లాయరుకు చూపించి భాగపరిష్కారమో హక్కు విడుదలో రిజిస్టర్ చేయించుకోండి. అది తేలేదాకా ఆ ఇంటి మీద కొత్త అప్పు తేవద్దు. కుదవలో ఉన్న నగల్లో గాజులైనా ముందు విడిపించండి.

పని ఆపేయమని నేను చెప్పను. వరస మార్చమంటాను. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, పైకప్పు దసరాలోపు మూసేయాలి, దానికి తిరుగులేదు. దాంతోపాటు వైరింగ్, ఎర్త్ లేని ఆ పాత గుడ్డ వైర్లు తీసేయించి షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించండి. తలుపు అలాగే ఉండనివ్వండి. చేత్తో చేసిన ఆ ఆత్తంగుడి టైల్స్ అట్టపెట్టెల్లోనే ఉండనివ్వండి, వాటికేమీ వయసైపోదు. బాత్రూముకు మాత్రం రేపే షాపుకు పోయి ఒక పీవీసీ తలుపు తెచ్చి బిగించండి. మ్యాచ్ అవ్వదు. అవ్వకపోతే ఏమైంది? వెనక గది ఒకటి పూర్తి చేయండి. ఫ్యాను, దోమల మెష్, గడియ పడే తలుపు, లోపల ఒక్క సున్నం బస్తా కానీ పార కానీ ఉండకూడదు.

అప్పటిదాకా పిల్లలు ఎక్కడుండాలి? నన్నడిగితే దగ్గర్లో రెండు గదులు అద్దెకు తీసుకోండి. నెలకు పదివేలనుకున్నా ఆరు నెలలకు అరవై వేలు, మీరు టైల్స్‌కు పెట్టిన లక్షా ఎనభై వేలలో మూడో వంతు. అద్దె మిగులుతుందని ఈ ఇంట్లోకి వచ్చారు కదా, ఆ మిగులు ఎవరి వీపు మీద మిగిలిందో ఇప్పుడు తెలిసింది. అమ్మను కూడా తీసుకెళ్లండి. ఆవిడ "మా కాలంలో మేమూ ఇట్లానే ఉన్నాం" అంటారన్నారు, అననివ్వండి, కానీ కోడలి ముందు ఆ మాట రాకుండా మీరు చూసుకోవాలి, మీ ఆవిడ కాదు.

ఈ ఆదివారం మేస్త్రీని రావొద్దని చెప్పి చిత్తూరు బస్సెక్కండి, రెండు గంటల ప్రయాణం. ఇంటికి రా అని అడగడానికి కాదు, అత్తామామలతో పంచాయితీ పెట్టించడానికి అసలే కాదు. ఫోన్లో పైకప్పు ఫొటోలు చూపించొద్దు. ముందు బాబు పరీక్ష సంగతి చెప్పండి, తప్పు నాదే అని ఒప్పుకోండి, తర్వాత ఆ వాన రాత్రి గురించి చెప్పండి. ఆపైన ఆవిడ మాట్లాడుతుంది. తిట్టవచ్చు. ఈ ఏడాదికి పాప ఇక్కడే చదువుతుంది అనవచ్చు. "రెండు గదులు చూశాను, నువ్వు వచ్చి చూసి సరే అంటేనే అడ్వాన్స్ ఇస్తాను" అని మీరు చెప్పవచ్చు, ఆపైన నిర్ణయం ఆవిడకే వదిలేయండి. టీసీ ఇవ్వనని స్కూలుకు ఫోన్ చేసే పని మాత్రం చేయకండి, మీ ఉత్తరంలో ఆ ఆలోచన కనిపించింది.

చివర్లో అడిగారు, శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకుంటే ఆవిడ తప్పక రావాల్సి వస్తుంది కదా అని. పైకప్పు సగం తెరిచి ఉన్న ఇంట్లోకి ఏం ప్రవేశిస్తారు? ముహూర్తం అడ్డం పెట్టుకుని మనిషిని రప్పిస్తే, చుట్టాలు వెళ్లిపోయిన మర్నాడు ఆవిడా వెళ్లిపోతుంది. శ్రావణమో మాఘమో ఆవిడే చెప్పనీ. ఈలోపు ఆ పీవీసీ తలుపుకు లోపలి గడియ కాస్త కిందకు పెట్టించండి, పాప చేతికి అందేలా.