ఉప్పుటేరు గుల్లలు బాగా ఉడికిస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: ముత్తుకూరు వైపు కండలేరు క్రీకులో ఏరిన గుల్లలు ఇంటికి తెచ్చుకుంటున్నాం, ఈ మధ్య చచ్చినవి ఎక్కువగా కనిపిస్తున్నాయి, నీళ్లలో మందులు కలిశాయని అందరూ అంటున్నారు, బాగా ఉడికించి తింటే పర్వాలేదా అని.

క్రిములైతే ఉడికిస్తే చస్తాయి. రాగి, కాడ్మియం, సీసం లాంటివి మాత్రం ఉడికించినా వేయించినా ఎండబెట్టినా పోవు. కొంత పులుసులోకి దిగినా ఆ పులుసు అన్నంలో కలుపుకునేది మనమే. రాత్రంతా ఉప్పునీళ్లలో వేస్తే గుల్ల ఇసుక కక్కేస్తుంది కదా, అలా విషం కూడా కక్కేస్తుందని చాలామంది అనుకుంటారు. శుభ్రమైన సముద్రపు నీళ్లలో ఒకటి రెండు రోజులు ఉంచితే ఇసుక పోతుంది, బ్యాక్టీరియా చాలావరకు తగ్గుతుంది, అంతవరకు నిజమే. కాడ్మియం లాంటిది ఒకసారి గుల్ల ఒంట్లో చేరితే తగ్గడానికి నెలలు పడుతుంది.

నాకు ఈ సంగతులు మా గుంటల వల్లే తెలిశాయి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాకు క్రీకు పక్కన నాలుగు ఎకరాల రొయ్యల గుంటలు ఉండేవి. వనామీ అనే రొయ్య రకం వచ్చిన కొత్తల్లో ఒక ఎండాకాలం గుంటల్లో నత్త విపరీతంగా పట్టింది, మేత తినేస్తోంది, నీళ్ల రంగు నిలవట్లేదు. మందుల షాపులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కొట్టమన్నారు. ఎకరానికి కిలో చొప్పున పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టాం. తర్వాత రొయ్య నీరసపడింది, రోజూ ఉదయం కొన్ని తేలుతున్నాయి, టెన్షన్ తట్టుకోలేక ముందే పట్టేసి, పాటు సమయం (సముద్రపు నీళ్లు వెనక్కి తీసే వేళ) చూసుకుని తూము ఎత్తేశాం. నీళ్లతో పాటు అడుగున ఉన్న నల్ల బురద కూడా కాలవలోకి పోయింది. అప్పట్లో అందరూ చేసేదే అది, మాకు తప్పనిపించలేదు.

మూడో రోజు పొద్దున ఒక యానాదామె వచ్చింది, మా నాయన కంటే పెద్దది, మా తూము కింద కాలవలో చేత్తో గుల్లలు, పీతలు ఏరుకుని బతికేది. "అబ్బయ్యా, మీ తూము కింద గుల్లంతా నోరు తెరిచింది" అంది. పోయి చూస్తే నిజంగానే తూము నుంచి ఒక ఫర్లాంగు దూరం బురదలో చిప్పలన్నీ తెరుచుకుని, లోపల మాంసం కుళ్లి వాసనేస్తున్నాయి. తూముకి పైన మాత్రం బాగానే ఉన్నాయి. ఆమె మమ్మల్ని డబ్బులు అడగలేదు. తూము ఎత్తే ముందు ఒక మాట చెప్పండి, ముందురోజే ఏరుకుంటాను అని మాత్రం అడిగింది. మా నాయన ఆ రోజు అన్నం తినలేదు.

మైలుతుత్తం ఒక్కటే చంపిందని నేను అనను. నల్ల బురదలోని హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు, నీళ్లలో ఆక్సిజన్ పడిపోవడం, ఇవి కూడా గుల్లను చంపుతాయి. కానీ లెక్క మీరే చూడండి. ఎకరం గుంటలో నాలుగు అడుగుల నీళ్లుంటే దాదాపు 50 లక్షల లీటర్లు. కిలో మైలుతుత్తంలో ఉండే రాగి పావు కిలో. అంటే లీటరుకు సుమారు 50 మైక్రోగ్రాములు. అందులో చాలా భాగం బురదకు అంటుకుంటుంది, నిజమే, కానీ ఆ బురదని కూడా మేం కాలవలోకే వదిలాం. ఆల్చిప్పల పిండాలకైతే లీటరుకు పది ఇరవై మైక్రోగ్రాముల రాగి చాలు, సరిగ్గా ఎదగవు. పెద్ద గుల్ల నీళ్లు తేడాగా ఉంటే చిప్ప మూసుకుని కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, నీళ్లలో తేలుతూ తిరిగే పిల్లకి ఆ వీలు లేదు. కాబట్టి పెద్దవి బతికే ఉన్నాయి కదా అని ఊరుకుంటే, రెండేళ్లకి కాలవలో కొత్త గుల్లే ఉండదు. అసలు నత్తా గుల్లా ఒకే కుటుంబం లాంటివి. నత్త చావాలని కొట్టిన మందు బయట గుల్లని వదిలేస్తుందని మేం ఎలా అనుకున్నామో ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

ఫ్రాన్స్‌లో ఆర్కషాన్ అనే సముద్రపు కయ్య ఆల్చిప్పల పెంపకానికి పేరుమోసిన చోటు. అక్కడ 1970ల చివర్లో పిల్ల పడటం (నీళ్లలో తేలే పిల్లలు అడుగున అతుక్కుని ఎదగడం) దాదాపు ఆగిపోయింది, పెద్దవాటి చిప్పలు పొరలు పొరలుగా మందమెక్కి లోపల మాంసానికి చోటు లేకుండా పోయింది. పడవల అడుగున పాచి, గుల్ల పట్టకుండా పూసే రంగులో ట్రైబ్యుటైల్ టిన్ అనే మందు ఉండేది, అదే కారణమని తేలింది. 1982లో 25 మీటర్ల లోపు పడవలకు ఆ రంగు ఆపేశారు, కొద్ది కాలానికే పిల్ల మళ్లీ పడింది. ఇది చదివాకే మాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మా గుంటల్లో ఒకదాన్ని నీళ్లు నిలవబెట్టడానికి వదిలేశాం. పట్టుబడి అయ్యాక నీళ్లు అందులోకి తోడి, కొన్ని రోజులు ఉంచి, పైనీళ్లు మాత్రమే క్రీకులోకి వదిలేవాళ్లం, బురద గట్టు మీదే ఆరబెట్టేవాళ్లం. 2005 కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద వచ్చిన మార్గదర్శకాల్లో 5 హెక్టార్లు, అంతకు మించిన ఫారాలకు ఇలాంటి ఏర్పాటు తప్పనిసరి చేశారు. మా చుట్టుపక్కల అందరివీ రెండెకరాలు, నాలుగెకరాలే, కానీ అందరి నీళ్లూ కలిసేది ఒకే కాలవలో.

ఇక మీ సంగతి. కొనేటప్పుడు ఏ కాలవలో ఏరారు, ఎప్పుడు ఏరారు అని అడగండి, ఏరేవాళ్లకి అంతా తెలుసు, అడిగితే చెప్తారు. తూముల కింద, పడవలు ఆగే రేవుల దగ్గర, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చోట ఏరినవి వద్దు. గుంటలు ఖాళీ చేసే రోజుల్లో అసలు కొనకండి. వండకముందే నోరు తెరిచి, తట్టినా మూసుకోనివి పారేయండి, ఉడికాక కూడా తెరుచుకోనివి తినకండి. చిన్నపిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్లకి ఇలాంటి చోటి గుల్లలు పెట్టకపోవడమే మంచిది. రంగు చూసి, వాసన చూసి లోహం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు, ల్యాబులో చూడాల్సిందే.

చచ్చిన ప్రతిసారీ మందు వల్లే అని కూడా అనుకోకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు గట్టిగా పడితే క్రీకు నీళ్లలో ఉప్పదనం తగ్గిపోయి గుల్ల దానంతటదే చస్తుంది, అప్పుడు కాలవ పొడవునా ఒకేలా చస్తుంది. ఎండాకాలంలో ఒక తూము కింద మాత్రమే చచ్చి, పైన బతికి ఉంటే అనుమానించాలి. అలా కనిపిస్తే ఆ రోజే ఫొటోలు తీసి, టైము, పోటో పాటో రాసుకుని, చావుబతుకుల్లో ఉన్న గుల్లలు కొన్ని ఐసులో పెట్టి, శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి, మత్స్యశాఖకి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వండి. రెండు పోట్లు వచ్చి పోయాయంటే నీళ్లలో ఏమీ దొరకదు, గుల్లలోనే దొరుకుతుంది, కాబట్టి గుల్లలు మాత్రం పారేయకండి.

మీరు చూసిన చచ్చిన గుల్లలు ఏ నెలలో, తూముకి ఏ వైపు ఉన్నాయో రాస్తే ఇంకొంచెం చెప్పగలను.