క్రిస్టీనా రాణి వెండి నాణెం కొనే ముందు

చిరంజీవి అమ్మలుకు బాబాయి ఆశీస్సులు.

స్వీడన్‌లోని ఉప్సలాలో దాచుకున్న జీతంతో, పదిహేడో శతాబ్దంలో ఆ దేశాన్ని ఏలిన క్రిస్టీనా రాణి కాలపు వెండి నాణెం రిక్స్‌డాలెర్‌ను వేలంలో కొనబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పాత నాణేల మీద ఈ మమకారం మన ఇంట్లో మీ నాన్నతోనే పోయిందనుకున్న నాకు ఎంత గర్వం కలిగిందో, అంత దిగులూ పట్టుకుంది.

నాణెం సుమారు 29 గ్రాములు తూగాలి. అందులో 25 గ్రాములకు పైగా శుద్ధమైన వెండి ఉండాలి. రసీదు తప్పక తీసుకో. పొలంలో దొరికిందని ఎవరైనా చాటుగా చూపిస్తే ముట్టుకోకు. నేలలో దొరికిన అటువంటి పాత వెండిని ముందు ప్రభుత్వానికి చూపాలన్నది అక్కడి చట్టం.

అరుదైనదన్న మాట వినగానే చెయ్యి ఎత్తకు, అది ఎందుకు అరుదైందో ముందు తెలుసుకో. డెన్మార్క్ పట్టుకున్న ఎల్వ్స్‌బోరి కోటను విడిపించుకోవడానికి 1613 సంధి ప్రకారం స్వీడన్ పది లక్షల రిక్స్‌డాలెర్లు చెల్లించవలసి వచ్చింది. 1619 నాటికి గాని ఆ భారం తీరలేదు. మీ ఊరికి పడమరన ఉన్న సాలా గనిలో వెండి దిగుబడి అప్పటికే బాగా తగ్గింది, ఫాలూన్‌లో మాత్రం రాగి పుష్కలంగా ఉంది. అందుకే స్వీడన్ రాజు రెండవ గుస్తావ్ అడాల్ఫ్ 1624లో రాగి నాణేలు మొదలుపెట్టాడు. ఆయన కూతురు క్రిస్టీనా ఏలుబడిలో, 1644లో, పది డాలెర్ల విలువైన రాగి పలకను నాణెంగా ముద్రించారు (డాలెర్ అంటే అప్పటి స్వీడన్ డబ్బు లెక్క). ఆ ఒక్కటే 19 కిలోలకు పైగా తూగేది. జనం రాగిని మోసుకుని తిరిగితే, వెండి రిక్స్‌డాలెర్ ఎక్కువగా విదేశీ వర్తకానికీ పెద్ద చెల్లింపులకూ పోయేది.

పాత పత్రంలో ‘వెండి డాలెర్’ అని కనబడితే వెండే చేతులు మారిందని నమ్మకు. అది లెక్క కోసం పెట్టుకున్న పేరు, చెల్లింపు రాగిలో జరిగేది. 1633లో ఒక వెండి డాలెర్‌కు రెండు రాగి డాలెర్లుగా ఉన్న లెక్క 1643లో రెండున్నరకు, 1665లో మూడుకు చేరింది. నాణెంతో పాటు అలాంటి కాగితం జతచేసి ధర పెంచితే ఒప్పుకోకు.

ఇక నన్ను వేధిస్తున్న సంగతి చెబుతాను. మీ నాన్న ఒకసారి ఆ కాలపు జర్మన్ వెండి థాలర్‌ను, నీ చదువు కోసం దాచిన సొమ్ములోంచి తీసి, కొన్నాడు. ఇంటికి తెచ్చి దీపం కింద పెట్టినప్పుడు దాని అందం చూసి నేనూ మురిసిపోయాను. భూతద్దం పెట్టి అంచును మెల్లగా తిప్పుతుంటే, రాజు తలకు సరిగ్గా పైన గోరంత మేర అక్షరాల మొనలు కరిగినట్టు మొద్దుబారి, వెండి అక్కడ మాత్రం కొంచెం తెల్లగా కనిపించింది. మన కాసులపేరులో కాసులకు అతికించినట్టే దానికి ఎవరో ఎప్పుడో కొండీ అతికించి మెడలో వేసుకున్నారు. తరవాత ఎవరో దాన్ని ఊడదీసి, టంకం అరగదీసి, మెరుగుపెట్టి అమ్మారు. అమ్మినవాడు ఆ మాట చెప్పలేదు, మీ నాన్న అడగలేదు. అసలు నాణేనికి పలికే ధరలో సగం కూడా దానికి రాదు. అన్నయ్య ఒక్క మాట అనలేదు గాని, మళ్ళీ నాణెం కొనలేదు. నీ పుస్తకాలకు డబ్బు సర్దడానికి ఆ ఏడాది ఆయన పడిన అవస్థ నీకు తెలియదు.

కాబట్టి బొమ్మ వైపు రాణి ముఖాన్నీ, రెండో వైపు గోళం పట్టుకుని నిలబడిన క్రీస్తునూ చూసి మైమరచిపోవద్దు తల్లీ. ముందు అంచు చూడు, ముఖ్యంగా రాణి తలకు పైన. మితిమీరిన మెరుపు ఉంటే అనుమానించు. కొన్న తరవాత మన ఇంట్లో వెండి పళ్ళేలను తోమినట్టు దాన్ని తోమావంటే నేను ఊరుకోను. వందల ఏళ్ళుగా పట్టిన ఆ నల్లని ఛాయను ఎవరూ తిరిగి తేలేరు.

ఉప్సలా విశ్వవిద్యాలయంలోనే నాణేల భాండాగారం ఉంది కదా. అక్కడివారిని అడిగి, అదే రాణి నాణేలు కొన్ని చూశాకే వేలానికి వెళ్ళు. నీ మనసులో అనుకున్న ధర దాటితే లేచి వచ్చేయ్. మీ అమ్మకు ఏం చెప్పాలో నేను చూసుకుంటాను. వేలానికి ముందే అంచు నాలుగు వైపులా ఫోటోలు తీసి పంపు, ఎంత రాత్రయినా సరే.

ప్రేమతో,
బాబాయి