అద్దె ఆగిన మొదటి నెలలోనే కదలాలి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కొత్త ఇల్లు కొనుక్కుని, ఇర్వింగ్‌లోని పాత టౌన్‌హోమ్‌ను మన తెలుగు కుటుంబానికే అద్దెకిచ్చావు. రెండు నెలలుగా అద్దె రాలేదు. హాల్లో కార్పెట్ పాడైంది, వంటింట్లో సింకు కింద చెక్క ఉబ్బిపోయింది. తాళాలు మార్చేయొచ్చా, కరెంటు తీయించేయొచ్చా అని అడిగావు.

రెండూ చేయకు. అద్దె ఎగ్గొట్టారని కరెంటు, నీళ్లు ఆపించడం టెక్సాస్‌లో చట్టవిరుద్ధం. తాళం మార్చడానికి చట్టంలో ఒక సన్నని దారి ఉంది. కానీ అది లీజులో రాసి ఉండాలి, ముందే నోటీసులు ఇవ్వాలి, ఆ తర్వాత కూడా అద్దెకున్నతను అడిగితే బాకీ తీర్చినా తీర్చకపోయినా కొత్త తాళంచెవి ఇవ్వాల్సిందే. అలాంటి తాళం మార్చి ఏం ప్రయోజనం? ఇందులో పొరపాటు జరిగితే అతను నీ మీదే కేసు వేసి డబ్బు రాబట్టుకోవచ్చు. రావలసింది పోయి, ఎదురు ఇచ్చుకోవాల్సి వస్తుంది.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది పాడైన కార్పెట్ కాదు, నువ్వు రెండు నెలలు ఊరుకోవడం. ఎందుకు ఊరుకున్నావో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అలాగే ఊరుకున్నాను.

2007లో నేను ఇర్వింగ్‌లోనే మొదటి ఇల్లు కొన్నాను. కొన్నేళ్లకు పిల్లల స్కూళ్ల కోసం కొప్పెల్ వెళ్లి, పాత ఇల్లు 1,600 డాలర్లకు అద్దెకిచ్చాను. తీసుకున్నాయన గుడిలో పరిచయం. మా పక్క ఊరివాడు, మా మేనమామ చదివిన కాలేజీలోనే చదివాడు. ఇంకేం చూస్తాం? క్రెడిట్ రిపోర్టు అడగలేదు, పాత ఓనరుకు ఫోన్ చేయలేదు. మనవాళ్ల దగ్గర డిపాజిట్ ఏమిటని అదీ వదిలేశాను. రెండు పేజీల కాగితం రాసుకుని సంతకాలు చేశాం. వాళ్లు దిగే ముందు ఇంటి ఫోటో ఒక్కటి తీయలేదు.

మొదటి ఏడాది ఒకటో తారీఖు రాగానే చెక్కు అందేది. తర్వాత ఆయన కాంట్రాక్టు ఆగిపోయింది. "వచ్చే నెలది, ఇదీ కలిపి ఇచ్చేస్తాను అన్నా" అన్నాడు. సరేనన్నాను. ఆ నెల వచ్చింది, డబ్బు రాలేదు. శ్రావణ మాసంలో వాళ్లావిడ మా ఇంటికొచ్చి వాయనం తీసుకుని వెళ్లింది. అలాంటప్పుడు అద్దె మాట ఎలా ఎత్తుతాం? మా ఆవిడ వద్దంది, నాకూ నోరు రాలేదు. అటు బ్యాంకువాడు మాత్రం ఏ నెలా ఆగలేదు. మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు వాయిదా), ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్, హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) ఫీజు అన్నీ కలిపి నెలకు 1,500 పైచిలుకు నా జీతంలోంచే వెళ్లేవి. ఊళ్లో అమ్మానాన్నలకు పంపే డబ్బు తగ్గించాల్సి వచ్చింది. నాన్న ఎందుకని అడగలేదు. ఆయన అడగకపోవడం నాకు ఇంకా కష్టంగా ఉండేది.

చివరికి ఒక వారాంతం చెప్పకుండా వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు. తాళాలు మెయిల్‌బాక్సులో వేశారు. లోపలికి వెళ్తే సింకు కింద పైపు నెలల తరబడి కారి క్యాబినెట్ కుళ్లిపోయింది, పక్కన వుడ్ ఫ్లోరు పైకి లేచింది. ఏసీ ఫిల్టర్ వాళ్లు దిగిన నాటి నుంచి మార్చలేదు, కాయిల్ అంతా దుమ్ము. గ్యారేజీలో పొయ్యి పెట్టి వేపుళ్లు చేసినట్టున్నారు, గోడలకు నూనె జిడ్డు. దీపం పెట్టిన మూల కార్పెట్ కాలి ఉంది. రాకుండా పోయిన నెలల అద్దె, బాగుచేయించిన ఖర్చు కలిపితే 14,000 డాలర్లు దాటింది. అప్పటి లెక్కలో ఎనిమిది లక్షల రూపాయలకు పైనే. ఇల్లంటే ఆస్తి అంటారు గానీ, అద్దె రాని ఇల్లు నెలనెలా తినే అప్పు. ఈ మాట ఇక్కడికి కొత్తగా వచ్చిన పిల్లలకు చెబితే చెవికెక్కదు. ఉద్యోగం వచ్చిన రెండేళ్లకే రెండో ఇల్లు కొనాలంటారు, ఆరు నెలల మార్ట్‌గేజ్ చేతిలో ఉందా అంటే నవ్వుతారు. కోవిడ్‌లో 2020 సెప్టెంబరు నుంచి అద్దె కట్టని చాలామందిని ఖాళీ చేయించడానికి వీల్లేకుండా అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి అమలైంది. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ మధ్యలో చేతిలో డబ్బు లేని ఓనర్లు ఎంత నలిగిపోయారో నేను దగ్గర్నుంచి చూశాను.

నేను కోర్టుకు వెళ్లాను. అద్దె బాకీ వరకు తీర్పు నాకే వచ్చింది. ఇంటి నష్టానికి పైసా రాలేదు, ముందు ఎలా ఉందో చూపించడానికి ఒక్క ఫోటో లేదు కాబట్టి. వచ్చిన తీర్పు డబ్బు కూడా చేతికి అందలేదు. టెక్సాస్‌లో మామూలు అప్పులకు జీతం జప్తు చేయించడం కుదరదు, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. బ్యాంకు ఖాతా మీదికి వెళ్లొచ్చు, కానీ ఖాతా ఎక్కడుందో నువ్వే కనుక్కోవాలి. మనిషి వేరే రాష్ట్రానికో, ఇండియాకో వెళ్లిపోతే లాయరు ఫీజు అసలు కంటే ఎక్కువవుతుంది. పోనీ టాక్సులో అయినా నష్టం చూపించుకుందామనుకున్నాను. రాని అద్దెను నువ్వు ఆదాయంగా చూపించలేదు కాబట్టి దాన్ని నష్టంగా తీసివేయడానికీ లేదన్నాడు సీపీఏ (టాక్సులు చూసే అకౌంటెంట్). బాగుచేయించిన ఖర్చులు మాత్రం అద్దె ఆదాయం చూపించే టాక్సు ఫారం షెడ్యూల్ ఈలో వేసుకోవచ్చు.

అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను. ఈ రోజే నోటీసు టు వెకేట్, అంటే ఖాళీ చేయమనే నోటీసు, రాసుకో. లీజులో వేరే గడువు లేకపోతే చట్టం అడిగేది కనీసం మూడు రోజులు. 2026 జనవరి నుంచి కొన్ని నియమాలు మారాయి, నోటీసులో ఏ మాటలు ఉండాలో మీ కౌంటీ జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టు (ఇలాంటి చిన్న కేసులు చూసే స్థానిక కోర్టు) వెబ్‌సైటులో చూసుకో. గడువు దాటితే ఆ కోర్టులోనే ఎవిక్షన్ కేసు, అంటే ఖాళీ చేయించే కేసు, వేయాలి. దానికి పెద్ద లాయరు అక్కర్లేదు, నా తర్వాతి కేసు నేనే వాదించుకున్నాను, జడ్జి ముందు పది నిమిషాలు కూడా పట్టలేదు. లీజు, అద్దె ఏ నెల వచ్చిందో ఏ నెల రాలేదో బ్యాంకు స్టేట్‌మెంట్లు, నోటీసు కాపీ, ఇవి ఉంటే చాలు. తీర్పు వచ్చాక అప్పీలుకు ఐదు రోజులు ఉంటాయి. ఆ తర్వాత రిట్ ఆఫ్ పొసెషన్ (ఇల్లు నీకు అప్పగించమనే కోర్టు ఆదేశం) తీసుకుంటే, కానిస్టేబుల్ 24 గంటల ముందు తలుపు మీద కాగితం అతికించి ఖాళీ చేయిస్తాడు. నోటీసు ఇచ్చాక వాళ్లు జెల్ (Zelle) యాప్‌లో ఐదొందలో ఆరొందలో పంపితే వెంటనే తీసుకోకు, లీజులో కొంత డబ్బు తీసుకోవడం గురించి ఎలా రాసి ఉందో ముందు చూడు. సగం డబ్బు తీసుకుని కేసు బలహీనం చేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

నోటీసు ఇస్తే మనవాళ్లు ఏమనుకుంటారో అని నీకు భయం. అనుకోనీ. నోటీసు చేతికిచ్చేటప్పుడే మర్యాదగా కూర్చుని మాట్లాడు. "మీకు ఇబ్బంది ఉందని తెలుసండీ, ఈ నెలాఖరుకు శుభ్రంగా ఖాళీ చేసి తాళాలిస్తే పాత అద్దెలో ఒక నెల వదిలేస్తాను" అని అడుగు. ఇక్కడ దీన్ని క్యాష్ ఫర్ కీస్ అంటారు. తప్పు చేసినవాడికి ఎదురు డబ్బు వదలడమా అని నీకు కడుపు మండుతుంది, నాకూ మండింది. కానీ లెక్క వేసుకో. కోర్టుకు ఇంకో నెలన్నర పడితే నువ్వు పోగొట్టుకునేది అంతకంటే ఎక్కువ, పైగా అది చేతికి రాని డబ్బు. ఒప్పందం కాగితం మీద రాయించు, తాళాలు చేతికొచ్చాకే వదులు.

ఇక డిపాజిట్. నువ్వు ఒక నెల అద్దె తీసుకున్నానన్నావు, సంతోషం. దాన్ని మొత్తం ఉంచేసుకుందామని కోపంలో అనుకోకు. నా రెండో టెనెంట్ వెళ్లిపోయినప్పుడు నేను అదే చేశాను. మొదటిసారి దెబ్బతిన్న కసి ఉంది కదా, పెయింటుకూ కొత్త కార్పెట్‌కూ అని డిపాజిట్ అంతా ఆపేశాను, లెక్క కూడా పంపలేదు. ఆ అమ్మాయి చదువుకున్నది, మంచి ఉద్యోగం. సర్టిఫైడ్ మెయిల్‌లో చట్టం సెక్షన్లతో సహా ఉత్తరం రాసింది. ఖాళీ చేసి కొత్త అడ్రసు రాసిచ్చిన టెనెంట్‌కు 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, కోత ఉంటే దేనికెంతో రాసి పంపాలి. దురుద్దేశంతో ఆపామని కోర్టు తేలిస్తే తప్పుగా ఆపిన సొమ్ముకు మూడింతలు, ఇంకో 100 డాలర్లు, వాళ్ల లాయరు ఫీజు కూడా మనమే కట్టాలి. ఆ కార్పెట్ వేసి ఎనిమిదేళ్లు. నడిచి నడిచి అరిగిన కార్పెట్‌కూ, ఎండకు వెలిసిన పెయింటుకూ టెనెంట్ బాధ్యత కాదు. పరిచయమున్న లాయరు చెప్పగానే మొత్తం డబ్బు వెనక్కిచ్చేశాను.

నీ కేసులో సింకు కింద ఉబ్బిపోయిన చెక్కకు పట్టొచ్చు. కార్పెట్‌కు మాత్రం దాని వయసు చూసి, మిగిలిన విలువకే పట్టు. బిల్లులు, ఫోటోలు జత చెయ్యి. బాకీ ఉన్న అద్దె కూడా డిపాజిట్‌లోంచి మినహాయించుకోవచ్చు, ఆ లెక్కా అందులోనే చూపించు. వాళ్లు ఉండగా లోపల చూడటానికి వెళ్లాలంటే లీజు ప్రకారం ముందు చెప్పి వెళ్లు. ఫోన్‌లో వీడియో తీసేటప్పుడు ప్రతి గదిలో తేదీ నోటితో చెప్పు.

ఇన్సూరెన్స్ మాట నువ్వు ఎత్తలేదు. ఫ్రిస్కోకు మారినప్పుడు పాత ఇంటి పాలసీని ల్యాండ్‌లార్డ్ పాలసీగా, అంటే అద్దెకిచ్చిన ఇంటికి తీసుకునే పాలసీగా, మార్చావా? మార్చకపోతే రేపు పైపు పగిలితే కంపెనీ చేతులెత్తేయొచ్చు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టినప్పుడు నా అద్దె ఇంట్లో పైపులు పగిలాయి. నా దగ్గర సరైన పాలసీ ఉంది కాబట్టి మరమ్మతు డబ్బూ వచ్చింది, ఇల్లు ఖాళీగా ఉన్న నెలల అద్దె కూడా వచ్చింది. టెనెంట్ ఎగ్గొట్టిన అద్దె మాత్రం ఆ పాలసీలో రాదు, ఆశ పెట్టుకోకు. అలాగే ఆ ఇంటి మీద హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా ఉండే ఇంటికిచ్చే పన్ను మినహాయింపు) పోతుంది, పన్ను లెక్కకు తీసుకునే ఇంటి విలువ ఏడాదికి పది శాతానికి మించి పెరగకూడదనే పరిమితీ పోతుంది. ప్రాపర్టీ ట్యాక్స్ పెరుగుతుందని ఇప్పుడే లెక్క వేసుకుని పెట్టుకో.

వీళ్లు వెళ్లాక మళ్లీ అద్దెకిచ్చేటప్పుడు "తెలుగువాళ్లకే" అని ప్రకటన రాయకు. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ చూస్తున్నాను, ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం అది తప్పు. పైగా మనవాళ్లయితే అద్దె ఆగదనేది నిజం కాదని నీకూ నాకూ తెలిసింది కదా. ఎవరు వచ్చినా ఒకే అప్లికేషన్, ఒకే క్రెడిట్ రిపోర్టు, పాత ఓనరుకు ఒక ఫోన్, చివరి రెండు పే స్టబ్‌లు (జీతం రసీదులు). నేను అద్దెకు మూడు రెట్ల జీతం చూస్తాను. తాళాలు ఇచ్చే రోజు ఇంటి కండిషన్ ఫారం మీద ఇద్దరం సంతకాలు చేస్తాం. సింకు కింద, ఏసీ ఫిల్టర్ దగ్గర, గ్యారేజీలో ఆరు నెలలకొకసారి నేనే చూసి వస్తాను. ఇప్పుడు నాకు మూడు ఇళ్లు అద్దెకున్నాయి, ఈ పద్ధతి పెట్టాక ఏ ఇంట్లోనూ అద్దె రెండో నెలకు పోలేదు. మేనేజ్‌మెంట్ కంపెనీకి ఇవ్వమని అడిగేవాళ్లకు వద్దని చెప్పను, కానీ వాళ్లు అద్దెలో 8 నుంచి 10 శాతం తీసుకుంటారు. ఊళ్లోనే ఉండి ఆ డబ్బు వదులుకోవడం నాకు మనసొప్పదు.

నోటీసు రాసుకుని లీజు కాపీతో పాటు నాకు పంపు, తేదీలు, మాటలు ఒకసారి చూసిపెడతాను. ఈ శనివారం లోపే పంపు. ఆదివారం నువ్వు నోటీసు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లేటప్పుడు నీతో ఇంకొకర్ని తీసుకెళ్లు, నోటీసు ఎప్పుడు చేతికిచ్చావో సాక్ష్యం ఉంటుంది.