ముక్కులో స్టాఫ్ బాక్టీరియా ఉందని కుర్రాణ్ని జట్టులోంచి తీసేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గర పల్లె. నేను హైస్కూల్లో డ్రిల్ మాస్టర్ని. సాయంత్రాలు ఊరి కుర్రాళ్లకి కబడ్డీ నేర్పుతుంటాను. ఈ వేసవిలో మా జట్టులో ముగ్గురికి వరసగా సెగ్గడ్డలు లేచాయి. ఒకడికి తొడ మీద, ఒకడికి మోచేతి దగ్గర, ఇంకొకడికి మెడ వెనక. నాలుగో కుర్రాడికి ఒంటి మీద ఏమీ లేదు గానీ, వాళ్ల నాన్న భయపడి బరంపురం తీసుకెళ్లి ముక్కులో స్వాబ్ పరీక్ష చేయించారు. ‘స్టాఫిలోకోకస్ ఆరియస్’ ఉందని రిపోర్టు వచ్చింది. అందరికీ వాడే అంటించాడని, వాణ్ని తీసేస్తేనే తమ పిల్లల్ని పంపిస్తామని మిగతా తల్లిదండ్రులు పట్టుబట్టారు. పాతపట్నంలో టోర్నమెంటు దగ్గర పడుతోంది. వాడు మాకున్న మంచి రైడరు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, ఆ కుర్రాణ్ని తీసేయకండి. కొన్నాళ్లు ఆటకి దూరంగా ఉంచాల్సింది గడ్డలు లేచిన ఆ ముగ్గుర్ని. అదీ పుండు మానేదాకానే.

ఆరోగ్యంగా ఉన్న ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కులో ఈ బాక్టీరియా ఉంటుంది. పొట్టిగా దీన్ని స్టాఫ్ అంటాం. కొందరిలో ఎప్పుడూ ఉంటుంది, కొందరిలో వచ్చి పోతుంటుంది. గొంతులో, చంకల్లో, గజ్జల్లో కూడా ఉండొచ్చు. వాళ్లకి జబ్బేమీ ఉండదు, చాలామందికి ఆ సంగతే తెలియదు. మీ జట్టులో అందరికీ, పట్టుబట్టిన తల్లిదండ్రులకీ ఇదే పరీక్ష చేయిస్తే ఇంకా ఎన్ని పాజిటివ్‌లు వస్తాయో ఆలోచించండి. మిగతావాళ్లకి పరీక్ష చేయించలేదు కాబట్టి ఈ ఒక్కడు దొరికాడు. పైగా ఆ ముగ్గురి చీముని కల్చర్‌కి, అంటే అందులో ఏ బాక్టీరియా ఉందో తేల్చే ల్యాబ్ పరీక్షకి, పంపినట్టు మీరు రాయలేదు. అందులో ఉన్నదీ వీడి ముక్కులో ఉన్నదీ ఒకే రకం అని తేలకుండా వీడే అంటించాడనడం అన్యాయం. ఆ వయసు పిల్లాడి మీద అలాంటి మాట పడితే ఊళ్లో ఎన్నాళ్లు మోయాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ తల్లిదండ్రులకి ఈ సంగతి చెప్పండి. 2003లో అమెరికాలో సెయింట్ లూయీ రామ్స్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టులో ఐదుగురు ఆటగాళ్లకి మామూలు మందులకి లొంగని స్టాఫ్‌తో గడ్డలు లేచాయి. దాన్నే ఎం.ఆర్.ఎస్.ఏ. అంటాం. పరిశోధకులు వచ్చి ఆటగాళ్ల, సిబ్బంది ముక్కుల్లోంచి 84 స్వాబ్‌లు తీశారు. 35 మందిలో మామూలు స్టాఫ్ కనబడింది. గడ్డలు తెప్పించిన ఆ మొండి రకం మాత్రం ఒక్క ముక్కులోనూ దొరకలేదు. మరి ఎలా పాకింది? గడ్డలన్నీ మైదానం మీద పడి తోలు లేచిపోయిన చోటే వచ్చాయి. గాయాలకి కట్లు కట్టేవాళ్లకి చేతులు కడుక్కునే వసతి సరిగా లేదు. ఆటగాళ్లు తువ్వాళ్లు పంచుకునేవాళ్లు, ఒళ్లు కడుక్కోకుండానే అందరూ దిగే నీళ్ల తొట్టిలో దిగేవాళ్లు. ముక్కుని బట్టి ఎవర్నైనా జట్టులోంచి తీసేసి ఉంటే అక్కడ ఒరిగేది ఏమీ లేదు.

మన కబడ్డీ సంగతి చూడండి. మట్టి కోర్టులో పాక్కుంటూ వచ్చి గీత అందుకున్న రైడరు మోకాలు దగ్గరగా చూడండి. చిప్ప మీద తోలు లేచి ఉంటుంది, తడిగా ఉన్నచోట ఇసుక అతుక్కుని ఉంటుంది, చుట్టూ చెమట ఆరి తెల్లగా చారలు కట్టి ఉంటాయి. మరో నిమిషంలో అదే మోకాలు ఇంకొకడి చేతుల్లో ఇరుక్కుంటుంది. ఆట అయ్యాక కోర్టు పక్క వెదురు గుంజకి వేలాడే ఒకే తువ్వాలుతో అందరూ మొహాలు, చంకలు, మోకాళ్లు తుడుచుకుంటారు. మహేంద్రతనయ ఒడ్డున ఆడే పిల్లల దగ్గర ఈ తువ్వాలుని నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మీరు తీసేయాల్సింది దాన్ని. ఎవరి తువ్వాలు వాళ్లదే, ఎవరి సబ్బు వాళ్లదే కావాలి. మోకాలి పట్టీలు, బనియన్లు మార్చుకోకూడదు, ఒకసారి వేసుకున్నవి ఉతకందే మళ్లీ వేసుకోకూడదు. ఆట అయిన వెంటనే స్నానం చేయాలి. గోళ్లు కత్తిరించుకోవాలని కబడ్డీ రూల్సే చెబుతున్నాయి, దాన్ని టోర్నమెంటు రోజుకే కాకుండా ప్రాక్టీసుకీ పెట్టండి. దోక్కుపోయిన ప్రతి చోటా ఆట ఆపి సబ్బునీళ్లతో కడిగి, శుభ్రమైన గాజ్ (పల్చటి కట్టు గుడ్డ) కప్పి, ఊడకుండా ప్లాస్టర్ వేయండి. ఇంత చిన్న దెబ్బకి ఇంత హడావుడా అంటారు. అననివ్వండి.

ఇక ఆ ముగ్గురు. సెగ్గడ్డలు వేడి చేసి వస్తాయని, మామిడిపండ్లు, పనస తొనలు మాన్పించి ఊరుకుంటారు మనవాళ్లు. పిల్లల్ని పండ్లు తిననివ్వండి. గడ్డ మీద పసుపు సున్నం పట్టు వేయొద్దు, సున్నానికి తోలు కాలి పుండు పెద్దదవుతుంది. నొక్కి చీము తీయొద్దు. గుడ్డని గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండి, పావుగంట చొప్పున రోజుకి మూడు నాలుగుసార్లు కాపడం పెట్టండి. చిన్నదైతే దానంతట అదే పగిలి మానుతుంది. పెద్దదైతే డాక్టరు చిన్న గాటు పెట్టి చీము తీస్తారు, అసలు వైద్యం అదే. ఆ చీముని కల్చర్‌కి పంపమని అడగండి.

మందుల షాపులో నాలుగు యాంటీబయోటిక్ మాత్రలు కొని, రెండు రోజులు మింగి మానేసే అలవాటు చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. మందులకి లొంగని మొండి రకాలు పెరిగేది అలాగే. 2008-09లో మన దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో సేకరించిన స్టాఫ్ నమూనాల్లో 41 శాతం ఎం.ఆర్.ఎస్.ఏ.నే. మాత్రలు డాక్టరు రాస్తేనే వేయండి, రాసినన్ని రోజులూ వేయండి.

జ్వరం వచ్చినా, గడ్డ చుట్టూ ఎరుపు పాకుతున్నా, ముక్కు చుట్టుపక్కల గానీ పైపెదవి మీద గానీ గడ్డ లేచినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంకో మాట. ఎదిగే పిల్లల్లో స్టాఫ్ రక్తంలోంచి ఎముకలోకి దిగగలదు, ఎక్కువగా మోకాలి దగ్గర. నా దగ్గరికి వచ్చిన ఒక ఆటగాడికి మోకాలి కింద నొప్పి. ఆటలో బెణికిందని ఇంట్లోవాళ్లు నూనె రాసి పట్టించారు, ఆకుకట్టు కట్టించారు. నాకు చూపించేసరికి జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది, కాలు నేల మీద మోపనివ్వడం లేదు. ఎముకలో చీము పట్టింది. ఆపరేషన్ చేసి, వారాల తరబడి మందులిస్తే గానీ కోలుకోలేదు. బెణికితే జ్వరం రాదు మాస్టారూ. నొప్పీ జ్వరమూ కలిసి వస్తే నూనె రాయొద్దు, ఆసుపత్రికి పంపండి.

ఆ ముగ్గురూ ఎప్పుడు ఆడొచ్చు? అమెరికా కాలేజీ కుస్తీ పోటీల నిబంధన మనకీ పనికొస్తుంది: 48 గంటలుగా కొత్త గడ్డ లేవకూడదు, యాంటీబయోటిక్ మొదలై 72 గంటలు దాటాలి, ఎక్కడా చెమ్మగానీ చీముగానీ ఉండకూడదు. కారుతున్న పుండుకి కట్టు కట్టి ఆడించడం అక్కడ ఒప్పుకోరు, కబడ్డీలో అసలే కుదరదు, ఆ కట్టు మొదటి పట్టుకే ఊడొస్తుంది.

ఆ నాలుగో కుర్రాడికి ముక్కులో రాసే ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ కూడా ఇప్పుడు అక్కర్లేదు. గడ్డలు పదే పదే తిరగబెట్టేవాళ్లకి, డాక్టరు చూసి ఐదు రోజులు రాయిస్తారు. ఏమీ లేనివాడికి రాస్తే కొన్నాళ్లకి మళ్లీ అదే బాక్టీరియా చేరుతుంది, అది ఆ మందుకి లొంగకుండా పోయే ప్రమాదం కూడా ఉంది. తల్లిదండ్రులు ఇంకా వినకపోతే ఈ పేజీ చూపించండి. వాణ్ని పాతపట్నం తీసుకెళ్లండి.

ప్రశ్న: రాయగడలో హాస్టల్లో ఉండి ఖోఖో ఆడే మా అమ్మాయికి చంకలో రెండుసార్లు గడ్డ లేచింది. రేజరు వల్ల అంటున్నారు, నిజమేనా డాక్టర్ గారూ?

జవాబు: అయ్యే అవకాశం ఉందమ్మా. రేజరు తోలుని కంటికి కనపడనంత సన్నగా కోస్తుంది. పైన చెప్పిన 2003లోనే అమెరికాలో ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో పది మందికి ఎం.ఆర్.ఎస్.ఏ. సోకినప్పుడు, ఒంటిమీద వెంట్రుకలు గీయించుకోవడం ఒక కారణమని తేలింది. హాస్టల్లో ఒకరి రేజరు ఇంకొకరు వాడుతున్నారేమో అడగండి, అది వెంటనే మానాలి. గడ్డ పూర్తిగా మానేదాకా గీయొద్దు, ఆ తర్వాత కూడా కత్తెరతో కత్తిరించుకుంటే మంచిది. అదే చోట మూడోసారి వచ్చినా, మచ్చలు కట్టి తోలు కింద దారుల్లా గట్టిపడుతున్నా అది వేరే జబ్బు కావచ్చు. చర్మ వైద్యులకి చూపించండి.